గాజులు తొడగని చేతులు

ఏమండీ, ఎలా ఉన్నారు? మీరు వెళ్ళిపోయి ఏడాది కావస్తోంది. నేను బాగానే ఉన్నానని రాద్దామని కూర్చున్నాను... రాయలేకపోతున్నాను.

బళేపేటలో మన గాజుల కొట్టు అలాగే ఉంది. గద్దె మీద ఇప్పుడు మీ తమ్ముడు కూర్చుంటున్నాడు. నేను వెనక గదిలో అట్టపెట్టెలు సర్దుతాను, సర్దినవే మళ్ళీ తీసి సర్దుతాను. నన్నెవరూ వెళ్ళమనలేదు. వదినకు శ్రమ ఎందుకన్నట్టు మెత్తగా పక్కకు జరిపారు, అంతే. భర్త పోయినదాని చేత ఎవరు గాజులు తొడిగించుకుంటారు చెప్పండి?

పెళ్ళయిన కొత్తలో కొట్టుకొచ్చిన ఆడవాళ్ళకు తొడిగేటప్పుడు నా చేతిలో గాజులు చిట్లిపోతుంటే మీరనేవారు, “ఆయమ్మ చెయ్యి బిగబట్టుకోనుండాది. ముందు మాట్లాడించు, చెయ్యి అదే వదులైతాది” అని. అలా మాట్లాడించి మాట్లాడించి సగం బెంగళూరు కబుర్లు మోశాను. ఇప్పుడు ఒక్కోరోజు సాయంత్రం దాకా నా గొంతు నేనే వినను. ఏదో మరిచిపోయినట్టు మెట్లు దిగుతాను, ఎందుకు దిగానో తెలియక మళ్ళీ ఎక్కుతాను.

మొన్న శుక్రవారం మీ తమ్ముడి కూతురు పద్మకు సీమంతం. పచ్చగాజులు నేనే ఏరి పంపి, మేడ మీద మన గదిలో ఉండిపోయాను. కింద నవ్వులు వినిపిస్తుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు. మిమ్మల్ని తిట్టుకున్నాను కూడా. అంత తొందరేమొచ్చిందండీ మీకు?

అందరూ వెళ్ళాక పద్మ ఆ బరువుతోనే పైకి వచ్చింది. ఒక డజను గాజులు తొడిగించుకోకుండా పక్కన పెట్టుకుందట, పెద్దమ్మ చేత్తో తొడగాలని. నా ముందు చెయ్యి చాచింది. పసిబిడ్డగా దానికి నల్లగాజులు తొడిగింది నేనే కదా...

ఏం చేశానో తెలుసా? అందరూ నన్ను దూరం పెట్టారని ఇన్నాళ్ళూ కుమిలానా, ఆ పిల్ల చెయ్యి చాస్తే వెనక్కి జరిగింది నేను. నా చేతులు కొంగులో దాచుకున్నాను. రేపు ఏదైనా జరిగితే నా వల్లేనంటారని... కాదు, ఎవరో అంటారని కాదు. నాకే భయం వేసింది. ఈ భయం నాలోకి ఎప్పుడు దూరిందండీ?

పద్మ గాజులు మంచం మీద పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా దిగిపోయింది. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

తెల్లవారగానే ఆ గాజులు తీసుకుని కిందికి వెళ్తాను. మీ తమ్ముడు చూస్తే చూడనీ. పద్మ మళ్ళీ చెయ్యి చాస్తుందో లేదో... చాచకపోతే ఈసారి నేనే అడుగుతాను.

మీ సరోజ