డీజిలు వ్యానుకు వేడినీళ్లు

కోరాపుట్, 14-12-81

చిరంజీవి లక్ష్మీనరసింహానికి నాయనమ్మ ఆశీస్సులు, మేమంతా కులాసా.

నువ్వు కొనబోయే యాత్రల వ్యానుకు ఏ ఇంజను మేలో చూసి చెప్పమన్నావు. కిలోమీటరుకు నిరుటి పెట్రోలు వ్యానుకు డెబ్బై పైసలయింది. నువ్వు పొయ్యి, పడక అమర్చి పంపిన ఈ అద్దె డీజిలు వ్యానుకు ముప్ఫయే. అయితే నిన్న పొద్దున చలికి ఇంజను కదల్లేదు. నా స్నానానికి కాగుతున్న నీళ్లు చూసి డ్రైవరు గంగరాజు, "మామ్మగారూ, ఆ నీళ్లు ఇంజనుకి పోత్తే బండి లెగుస్తాది. లేపోతే అందరం ఇక్కడే మడి కట్టుకుని కూకోవాల!" అన్నాడు. ఇచ్చాను, బండి కదిలింది. నేను చన్నీళ్లే పోసుకున్నాను.

నీవల్ల దారిపొడవునా నా మడివంట సాగింది నాయనా, ఆ మేలు మరువను. నీ కూతురికి దగ్గు తగ్గిందా?

డీజిలే కొను. ఒక గంగాళం నా స్నానానికి, ఇంకొకటి దాని స్నానానికి పెట్టించు. చల్లగా ఉండు.

సుభద్రమ్మ