గంగమ్మ కొట్టిన దెబ్బ

గుడియాత్తం,
మంగళవారం.

మామకు కోమల రాసే ఉత్తరం.

ఇక్కడ నేను, పాప శాంతిప్రియ, అవ్వ బాగున్నాం. నువ్వూ అక్కడ బాగున్నావని తలుస్తున్నాను అని రాయాలి కాబట్టి రాశాను. నీ ఉత్తరం అందినప్పటి నుంచి నాకు ఒళ్లు మండిపోతోంది.

వేలూరులో ఆ తాగుడు మాన్పించే ఇంట్లో ఫోను ఇవ్వరని, వచ్చిన ఉత్తరాలు వార్డెను విప్పి చదివాకే ఇస్తాడని రాశావు. చదవనీ. తెలుగు చూసి తల గోక్కుంటాడు. పెళ్లైన కొత్తలో నేను పలక కొని నీ చేత అక్షరాలు దిద్దిస్తే, "తమిళం వస్తాది గదా, ఇది యాడికి పనికొస్తాది?" అని నవ్వినావు. ఇదిగో, దీనికి పనికొచ్చింది. నిదానంగా కూడబలుక్కుని నువ్వే చదువు. ఎవరి చేతా చదివించకు.

మగ్గం మీద నీ లుంగీల పడుగు అలాగే ఉందా అని అడిగావు. లేదు. షావుకారు దేవరాజులు పది రోజులు చూసి మారియప్పన్‌ను కూర్చోబెట్టాడు. నేను వెళ్లి అడిగితే, "ఏం చేసేదమ్మా, నా సరుకు ఆగదు గదా. మీ గుణశేఖరం వచ్చినాక చూస్తాం పో" అన్నాడు. ఆయన్ను తప్పు పట్టలేను. పాప బాగా చదువుతోందా అన్నావు. చదువుతోంది. నీ మాట ఎత్తితే మాత్రం పుస్తకం మూసి లోపలికి పోతుంది.

మా అమ్మ ఏమంటోంది అన్నావు. ఏమంటుంది? "నా తమ్ముడు బంగారం, వాని సావాసమే చెడ్డది" అంటుంది. మొగుడి మీద కోపమొస్తే ఆడవాళ్లు తల్లి దగ్గర ఏడుస్తారు. నా తల్లి నీకు అక్క. అత్తతో చెప్పుకుందామంటే ఆమె నాకు అవ్వ, నీకు తల్లి. పదిహేనేళ్లుగా నా ఏడుపు ఏ గడపకు మోసుకెళ్లినా అది నీ గడపే. మేనమామ అయితే బాగా చూసుకుంటాడని చేసిన పెళ్లి ఇది. చూసుకున్నావులే.

ఇక అసలు మాటకు వస్తాను. అమ్మవారి జాతర్లు జరిగే ఈ ఆడి నెల అయిపోయేలోగా నా కుట్టుమిషను అమ్మి, గంగమ్మకు చీర పెట్టి, వీధంతటికీ అంబలి పోయించమని రాశావు. "అమ్మవారు కొట్టింది కాబట్టే మానగలిగాను, ఆమె బాకీ ఉంచుకోకూడదు" అన్నావు. నలభై ఎనిమిది రోజులు తాగనని గుడిలో చేతికి తాడు కట్టించుకుని, తొమ్మిదో రోజే విప్పి జేబులో దాచి బ్రాందీ కొట్టుకు వెళ్లానని, అమ్మవారు చూడదనుకున్నానని నువ్వే ఒప్పుకున్నావు. అవ్వ కూడా వీధిలో కనబడినవాళ్లందరికీ చెబుతోంది, "మా గంగమ్మే చెంప మింద కొట్టినాది! నడి బజార్లో పడగొట్టినాది! లేకుంటే వాడు మానే రకమా?" అని. నేను తల వంచుకుని నైటీలు కుడుతూ వింటున్నాను.

ఆ మిషను మహిళా సంఘం అప్పుతో కొన్నది. వాయిదాలు ఇంకా తీరలేదు. ఈ రెండు నెలలు మేం తిన్న అన్నం దాని మీదే వచ్చింది. ఉద్యోగం చేస్తున్నది మిషను, మొక్కు తీర్చవలసింది కూడా మిషనేనా? నాకు ఆగడం లేదు మామా. అందుకే చెబుతున్నాను.

నిన్ను కొట్టింది గంగమ్మ కాదు. నేను.

బస్‌స్టాండు గోడల మీద తాగుడు మాన్పించే పొడి అని కాగితాలు అతికించి ఉంటాయే, అది చూసి వేలూరు వెళ్లి ఒక మనిషి దగ్గర కొన్నాను. వాసన ఉండదు, రుచి ఉండదు, మొగుడికి తెలియకుండా చారులో ఒక్క చిటికె వెయ్యి, తాగితే కడుపులో తిప్పుతుంది, దానితో మానేస్తాడు అన్నాడు. నీ చేతి తాడును నమ్మలేక వారం రోజులు ఒక్కొక్క చిటికే వేశాను. ఆ రోజు ఉదయం బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే పాప పుస్తకాలకని దాచిన డబ్బు లేదు. నువ్వు పీట మీద కూర్చుని చారు పొయ్యమన్నావు. ఎన్ని చిటికెలు వేశానో లెక్కపెట్టలేదు. నిన్ను బాగు చేద్దామని కాదు. కోపంతో వేశాను.

మధ్యాహ్నం నువ్వు బజారులో పడిపోయావని పిలిచారు. ముఖం ఎర్రగా కందిపోయింది. గుండె చొక్కా మీదికే కనబడేట్టు కొట్టుకుంటోంది. ఆసుపత్రిలో నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఇంట్లో ఏమన్నా మందు పెట్టినావా? నిజం చెప్పమ్మా, చెబితేనే వైద్యం" అంది. లేదని తల ఊపాను. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ లేదన్నాను. నువ్వు చచ్చిపోయి ఉంటే కూడా లేదనే చెప్పి ఉంటాను. ఆ సంగతి తలచుకుంటే నాకు నా మీదే భయంగా ఉంది. మిగిలిన పొట్లం ఆ రోజే కాలువలో పారేశాను.

ఇది తెలిస్తే అమ్మవారి భయం పోయి మళ్లీ తాగుతావేమోనని ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను. తాగుతావో మానతావో ఇక నీ చేతిలో ఉంది. మిషను మాత్రం అమ్మను. మా అమ్మతో చెప్పుకో, అవ్వతో చెప్పుకో, పోలీసులతో చెప్పుకున్నా కాదనను.

ఆదివారం చూడటానికి రమ్మన్నావు, వచ్చేటప్పుడు నా చేతి చారు, అన్నం తెమ్మన్నావు. తెస్తాను. నీ ఎదుటే కలిపి మొదటి ముద్ద నేను తింటాను. తరువాత గిన్నె నీ వైపు జరుపుతాను. తినడం, తినకపోవడం నీ ఇష్టం.

ఇట్లు,
నీ అక్క కూతురు, నీ పెళ్లాం,
కోమల