ఎక్స్‌పీలో నాన్న లారీ

3 జూలై 2004, శనివారం

విండోస్ ఎక్స్‌పీ వేయించాను. ఎంసీఏ ప్రాజెక్టుకి అది లేకపోతే కుదరదన్నారు. పటమటలో మాకు కంప్యూటర్ అసెంబుల్ చేసిచ్చిన మణికుమార్ మధ్యాహ్నం వచ్చి, విండోస్ తొంభై ఎనిమిదిని తుడిచేసి ఇది ఎక్కించి వెళ్లాడు. తెర మీద పచ్చటి కొండ, నీలం ఆకాశం. చూడ్డానికి బాగానే ఉంది.

సాయంత్రం 6

నాన్న జాయ్‌స్టిక్ పనిచేయడం లేదు.

4 జూలై, ఆదివారం

నాకసలు బుద్ధుందా? ఎక్స్‌పీలో జాయ్‌స్టిక్ పనిచేస్తుందా అని మణికుమార్‌ని ముందే ఒక్క మాట అడగాలని కూడా తట్టలేదు.

జనవరి ఇరవైన నాన్నకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇరవయ్యారేళ్లు లారీ తోలిన చెయ్యి. ఫిజియోథెరపిస్టు పద్మశ్రీ గారు రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే, నేనేమన్నా చంటిపిల్లాణ్ణా అని ఎడంచేత్తో విసిరికొట్టాడు. మూసేస్తున్న వీడియో గేమ్ షాపులో ఈ పాత జాయ్‌స్టిక్ కొనుక్కొచ్చి, లారీ గేమ్ పెట్టిచ్చింది నేనే. దాన్ని మాత్రం వదల్లేదు. రోజూ గంటన్నర, ఆ కుడిచేత్తోనే. మే నెల నుంచి తెర మీద లారీ మలుపులు తిరుగుతోంది. తిరిగిన ప్రతిసారీ అమ్మ స్తోత్రం, స్తోత్రం అంటూ చప్పట్లు.

వచ్చేదేదో ఆర్నెల్లలోపే ఎక్కువ వస్తుందండీ, ఒక్కరోజు కూడా మాన్పించొద్దు అని పద్మశ్రీ గారు మరీ మరీ చెప్పారు. ఆర్నెల్లంటే ఈ నెల ఇరవై. పదహారు రోజులు. అందులో ఒకటి నా చేతులారా పోగొట్టాను.

చర్చి నుంచి రాగానే నాన్న వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. రేపు చేసేస్తాను నాన్నా అన్నాను. తలూపాడు.

5 జూలై

మణికుమార్‌కి ఫోన్ చేశాను. పాతకాలం వెడల్పు పిన్నుదాన్ని ఎక్స్‌పీ తనంతట తాను గుర్తుపట్టదండీ, గేమ్ కంట్రోలర్స్‌లోకెళ్లి ఆడ్ నొక్కి మనమే పరిచయం చెయ్యాలి అన్నాడు. పెళ్లిచూపులా ఏంటి! చేశాను. నాట్ కనెక్టెడ్ అంది. పీకి పెట్టాను. నాట్ కనెక్టెడ్. ఓ ఇరవైసార్లు పీకి పెట్టుంటాను.

కొత్త యూఎస్‌బీది కొనుక్కోండి, గోల వదిలిపోద్ది అన్నాడు. వెళ్లి చూశాను. ఉన్నవన్నీ రెండు చేతుల్తో పట్టుకునే ప్యాడ్లే.

7 జూలై

నాట్ కనెక్టెడ్.

9 జూలై

నాన్న ఇవాళ కుర్చీ దగ్గరికే రాలేదు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడకేసి తిరిగి పడుకున్నాడు. అమ్మ బతిమాలి బంతి చేతిలో పెడితే మంచం కిందకి దొర్లించేశాడు. వేళ్లు మళ్లీ ముడుచుకుపోతున్నట్టు అనిపిస్తోంది. నిజమో, నా భయమో. రోజుకి నాలుగుసార్లు వెళ్లి ఆ వేళ్లే చూస్తున్నాను. అన్నం సయించడం లేదు.

11 జూలై

మణికుమార్ వచ్చి చూశాడు. సౌండ్ కార్డుకున్న గేమ్ పోర్టుకి, అదే జాయ్‌స్టిక్ గుచ్చే చోటికి, ఎక్స్‌పీ డ్రైవర్ ప్రోగ్రాం లేదట. ఆ ముక్క మొదటిరోజే చెప్పి చావొచ్చుగా! నెట్ సెంటర్‌కి పరిగెత్తి ఫ్లాపీలో దించుకొచ్చాను. ఫ్లాపీ చదవడం లేదు. మళ్లీ వెళ్లాను. మూసేశారు.

12 జూలై, మధ్యాహ్నం 3

వచ్చింది! కొత్త ఫ్లాపీలో తెచ్చిన డ్రైవర్ ఎక్కించగానే ఓకే అంది! టెస్ట్ పేజీలో చిన్న డబ్బా, అందులో ప్లస్ గుర్తు. జాయ్‌స్టిక్ పుల్ల ఎటు తిప్పితే అటు పరిగెడుతోంది. గదిలో ఒక్కదాన్నే గంతులేశాను.

మధ్యాహ్నం 3.20

చెయ్యి తీసేశాను. ప్లస్ మెల్లగా ఎడమకి జారి అంచుకి తగులుకుంది. మధ్యకి తెచ్చి వదిలాను. మళ్లీ ఎడమకే. ఎవరూ ముట్టుకోలేదు. నాన్న అవతల గదిలో నిద్రపోతున్నాడు.

సాయంత్రం 6

జాయ్‌స్టిక్ పట్టుకుని మణికుమార్ దగ్గరికి పరిగెత్తాను. స్క్రూలు విప్పాడు. లోపలంతా నూనె, జిగురు. ప్రార్థన నూనె. ఆటకి ముందు అమ్మ నాన్న చేతికి రాసి, దేవుడు దీన్ని కూడా వాడుకోవాలి అంటూ ఆ పుల్లకీ ఒక చుక్క వేసేది. నా కళ్లముందే వేసేది. నేనూ ఆమెన్ అనేదాన్ని.

ఇది నెలల్నించీ ఇంతేనండీ, ఎవరూ ముట్టుకోపోయినా బండి ఎడమకే పోయుంటది అన్నాడు. తుడిచాడు. కొంచెం తగ్గింది గానీ పోలేదు. మిగతాది కాలిబ్రేట్ చేసుకోండి, సెట్ అయిపోద్ది అన్నాడు.

ఎవరూ ముట్టుకోకపోయినా. అంటే మేం చప్పట్లు కొట్టిన మలుపులు? నాన్న చెయ్యి అక్కడ ఊరికే పెట్టుందా ఇన్నాళ్లూ? చెయ్యి వచ్చేస్తోందండీ అని పద్మశ్రీ గారికి ఫోన్లో చెప్పింది నేనే. అమ్మయితే చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది. బస్సెక్కబుద్ధి కాక నడిచే వచ్చాను.

13 జూలై

కాలిబ్రేట్ బటన్ ముందు కూర్చున్నాను. నొక్కితే ప్లస్ మధ్యలో నిలబడుతుంది. ఆ తర్వాత దాన్ని కదిలించాల్సింది నాన్న చెయ్యొక్కటే. కదలకపోతే?

నొక్కకపోతే లారీ తనే తిరుగుతుంది. అమ్మ చప్పట్లు కొడుతుంది. నాన్న లేచి కూర్చుంటాడు. ఇరవయ్యో తారీఖు వెళ్లిపోతుంది.

జాయ్‌స్టిక్ బాగయిందా అని అమ్మ మూడుసార్లు అడిగింది. ఇంకా లేదని అబద్ధం ఆడాను.

14 జూలై, బుధవారం

కాలిబ్రేట్ చేశాను. ఆరు రోజులే ఉన్నాయి, అబద్ధంతో చెయ్యి రాదు.

బాగయింది రా నాన్నా అంటే అనుమానంగా వచ్చి కూర్చున్నాడు. చెయ్యి పెట్టాడు. లారీ కదిలీ కదలగానే రోడ్డు దిగి కుడిపక్క పొలంలో పడింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ కుడికే. మూడోసారీ కుడికే.

నా బండి ఎవరే ముట్టుకుంది అని కేకలేశాడు. ఎడమకి లాగే బండిని ఇన్నాళ్లూ కుడికి బిగించి పట్టుకుని తోలుతుంటే, చెప్పాపెట్టకుండా ఎవడు సరిచెయ్యమన్నాడు అన్నాడు.

నేనే నాన్నా అన్నాను. బండిని మూడుసార్లూ కుడికి లాగింది నాన్న కుడిచెయ్యే, ఏడుపొచ్చేసింది.