భుజం నాది, జవాబు పక్కవాడికి

ఆసుపత్రి రోగుల సహాయ విభాగం అధికారి గారికి,

నమస్కారం. కుడి భుజం నొప్పితో మీ ఎముకల డాక్టరు గారి దగ్గరికి తిరుగుతున్న మనిషిని నేను. ఈత కొలనులో పెద్దవాళ్ళకి ఈత నేర్పడం నా పని. అక్కడ అందరూ నన్ను మొసలి మేడం అంటారు. ఆ పేరంటే నాకు ఇష్టమే, కష్టపడి సంపాదించుకున్నాను.

మొన్న మూడోసారి వచ్చాను. బయట ఆ నీలం కుర్చీలో నడుం పట్టేసేదాకా కూర్చున్నాక లోపలికి పిలిచారు. డాక్టరు గారు ఎక్స్‌రే చూశారు, కంప్యూటరు చూశారు, నా సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డ మనిషిని చూశారు. నన్ను మాత్రం చూడలేదు. పెద్దావిడకి రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అని ఆయన్నే అడిగారు. పెద్దావిడ అక్కడే ఉంది, నోరూ ఉంది. ఆ నిద్ర సంగతి ఆయనకేం తెలుస్తుంది పాపం.

నాకు కావలసింది ఒక్క జవాబు. వచ్చే నెల కొత్త తరగతి మొదలవుతుంది. నేను దిగలేనంటే దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. అది పోతే ఇక నేనెందుకండీ. అందుకే నీళ్ళలోకి ఎప్పుడు దిగొచ్చని గట్టిగా అడిగాను. డాక్టరు గారు తలెత్తకుండానే నర్సుని పిలిచి, పెద్దావిడ నీళ్ళడుగుతున్నారు చూడమన్నారు. గ్లాసు వచ్చింది. జవాబు రాలేదు.

దయచేసి ఆ జవాబు ఇప్పించండి.

ఇట్లు,
మొసలి మేడం

తా.క. మీ నర్సు నా బుగ్గ గిల్లి, “బంగారుకొండ కదూ, చెయ్యి పైకెత్తు” అంది. ఆ నర్సు వయసు వాళ్ళని ఎందరినో లోతు వైపుకి తోసి ఈత నేర్పినదాన్ని. ఇంకోసారి గిల్లితే ఆ పిల్లకీ నేర్పుతాను.

---

పూజ్యులైన పెద్దమ్మగారికి,

రోగుల సహాయ విభాగం అధికారి నమస్కరించి రాయునది. మీ ముద్దు ముద్దు ఉత్తరం అందింది. మా విభాగమంతా కూర్చుని చదువుకుని మురిసిపోయాం.

మీకు దాహం ఎక్కువనీ, అడగడానికి మొహమాటపడతారనీ మీ ఫైల్లో రాయించాం. ఇక నుంచి మీరు గదిలో అడుగు పెట్టేసరికి రెండు గ్లాసులు సిద్ధంగా ఉంటాయి.

వైద్యం సంగతులు మీరు బుర్రకెక్కించుకుని సతమతమవడం దేనికి చెప్పండి. డాక్టరు గారు మీ అబ్బాయికి అన్నీ విడమరిచి చెప్పారు. ఎంత ఓపికండీ ఆ అబ్బాయికి. ఒక్కసారైనా ఎదురు మాట్లాడలేదట. ఈ రోజుల్లో అలాంటి కొడుకు దొరకడం మీ అదృష్టం. బజ్జుని విశ్రాంతి తీసుకోండి.

సదా మీ సేవలో,
అధికారి

తా.క. మీ చూపును దృష్టిలో పెట్టుకుని ఈ ఉత్తరం పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించాం. మొసలి గురించి భయపడకండి. మా ఆవరణలో అలాంటివి లేవు.

---

అధికారి గారికి,

నమస్కారం, పోయినసారి కంటే కాస్త తక్కువగా.

నాకు కొడుకు లేడు. ఒక్కతే కూతురు, ఓడల మీద ఇంజినీరు, ఇప్పుడు ఏ సముద్రంలో ఉందో నాకే సరిగ్గా తెలియదు. మీరు మెచ్చుకున్న ఓపికైన అబ్బాయి టాక్సీ డ్రైవరు. భుజం నొప్పితో సంచీ మొయ్యలేనని లోపలిదాకా తెచ్చిపెట్టాడు. మీ డాక్టరు గారు నన్ను నర్సుతో బయటికి పంపించి, నా భుజం గుట్టంతా అతనికి అప్పజెప్పారు. నా ఒంట్లో ఏముందో తెలుసుకోవడానికి దారి పొడుగునా నేను అతన్ని బతిమాలుకోవలసి వచ్చింది.

కండరం కాస్త చిరిగిందట, ఇంట్లో కూర్చునే మనిషికి దానివల్ల ఇబ్బందేం లేదట. నేను ఇంట్లో కూర్చునే మనిషినని ఎవరు చెప్పారయ్యా అంటే, వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు అన్నాడు. పోనీ కొడుకుని కానని చెప్పొచ్చు కదా అంటే, అంత పెద్ద డాక్టరు మాట్లాడుతుంటే అడ్డు రావడం మర్యాద కాదన్నాడు. ఆ మర్యాదలో పావలా వంతు మీ డాక్టరు గారికి ఉంటే నేనీ ఉత్తరం రాసేదాన్నే కాదు.

బుధవారం వస్తున్నాను. నా మొహం చూసి, నాకు చెప్పమనండి.

ఇట్లు,
ఒళ్ళు మండిపోతున్న
మొసలి మేడం

తా.క. డ్రైవరు ఇప్పుడు టాక్సీ ఎక్కిన వాళ్ళందరికీ భుజం వ్యాయామాలు చెబుతున్నాడు. ఒకాయనకి పూర్తిగా తగ్గిపోయిందట.

---

పూజ్యులైన పెద్దమ్మగారికి,

మీ ఉత్తరం చదివి మనసు కలుక్కుమంది. కన్నకొడుకునే టాక్సీ డ్రైవరనుకుంటున్నారు. కంగారు పడకండి, వయసు మీద పడ్డాక కొందరికి ఇలా అవుతుంటుంది. బుధవారం ముందుగా మతిమరుపు విభాగంలో మీకు పరీక్షలు ఏర్పాటు చేశాం.

గేటు రిజిస్టరులోని నంబరు చూసి మీ అబ్బాయికి ఫోన్ చేశాం. ఎత్తీ ఎత్తగానే, “ఎక్కడికి రావాలండీ” అని అడిగారు. తల్లి అంటే ఎంత తపన. ఓడల మీది కూతురి గురించి అడిగితే పాపం తనకేమీ తెలియదన్నారు. లేని మనుషులు ఉన్నట్టు తోచడం గురించి కూడా డాక్టరుకి రాసిపెట్టాం.

మీరు పదే పదే నీళ్ళలోకి దిగుతాననడం ప్రమాదంగా తోచింది. అందుకని ఈత కొలను మేనేజరు గారికి కూడా చెప్పాం. ఒక పెద్దావిడ తానే అక్కడ మేడంనని అనుకుంటూ వస్తే, నొప్పించకుండా ఆపి కూర్చోబెట్టమన్నాం.

సదా మీ సేవలో,
అధికారి

తా.క. మణికట్టుకి కట్టుకునే పట్టీ పంపుతున్నాం. ఎక్కడైనా తప్పిపోతే అందులోని నంబరుకి ఫోన్ చేయండి, మీ అబ్బాయి కారేసుకుని వస్తారు.

---

అధికారి గారికి,

నమస్కారం. ఈసారి నిండుగానే పెడుతున్నాను.

మా మేనేజరు నా దగ్గర ఈత నేర్చుకున్నవాడే. గేటు దగ్గర నన్ను ఆపి, మీరు మేడం కాదట కదా మేడం అన్నాడు. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ వెంటనే, డాక్టరు సరేనంటే తప్ప కొత్త తరగతి ఇవ్వలేనని కూడా అన్నాడు. మీ ఫోన్ వల్ల నా తరగతి నా చేతుల్లోంచి జారిపోబోయింది.

బుధవారం మతిమరుపు డాక్టరమ్మ, పక్కనున్నది ఎవరని నన్ను అడిగింది. టాక్సీ డ్రైవరన్నాను. మీరెవరని అతన్ని అడిగింది. టాక్సీ డ్రైవర్నన్నాడు. ఇద్దరి జ్ఞాపకశక్తీ దివ్యంగా ఉందని రాసి పంపించేసింది.

ఎముకల డాక్టరు గారి గదిలో మళ్ళీ పాత కథే. ఎక్స్‌రే చూసి, డ్రైవరు వైపు తిరిగి, పెద్దావిడకి నొప్పెలా ఉందని అడిగారు. డ్రైవరు సంచీ కింద పెట్టాడు.

“నన్నడక్కండి డాక్టరు గారూ. భుజం ఆవిడది. బుర్ర కూడా ఆవిడదే.”

డాక్టరు గారు కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. మీరేం చేస్తుంటారని అడిగారు. ఇన్నాళ్ళకి.

“ఈత నేర్పుతాను. మునిగిపోయేవాళ్ళని పైకి లాగుతాను. ఈ చేత్తోనే” అన్నాను.

ఆయన లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా చెయ్యి మెల్లగా పైకెత్తారు. ఎక్కడ నొప్పి, ఎలాంటి నొప్పి అని అడిగి, నేను చెప్పడం పూర్తయ్యేదాకా విన్నారు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. వ్యాయామాలు తనే చేసి చూపించారు. నడుం లోతులో నిలబడి నేర్పడం ఇప్పుడే మొదలుపెట్టొచ్చట, బారలు వెయ్యడానికి మాత్రం కొన్ని వారాలు ఆగాలట. తప్పయిందండీ అని కూడా అన్నారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. జవాబు వచ్చినందుకు కాదు, అది నాకు చెప్పినందుకు.

మేనేజరుకి ఆయనే స్వయంగా ఫోన్ చేశారు. ఆ ఫోన్‌లోనే ఇంకో మాట కూడా అడిగారట. ఆ మాటేమిటో నాకు సోమవారం దాకా తెలియదు.

సోమవారం నడుం లోతులో నిలబడి కొత్తవాళ్ళ పేర్లు పిలిచాను. చివరి పేరుకి పలికింది మీ ఎముకల డాక్టరు గారు. ఈత రాదట, చిన్నప్పటి నుంచీ భయమట. రెండు చేతులతో కమ్మీని కరుచుకుపోయారు. గట్టు మీద ఆయన భార్య తువ్వాలుతో నిలబడి ఉంది. నేను ఆయన వైపు చూడనేలేదు.

“బాబుకి నీళ్ళంటే భయమా అమ్మా?” అని ఆవిడనడిగాను.

ఆవిడకి నవ్వాగలేదు. డాక్టరు గారు గొంతు సవరించుకుని, “మేడం, నేనిక్కడే ఉన్నాను” అన్నారు.

తెలుసన్నాను. కమ్మీ వదిలి నా చెయ్యి పట్టుకోమన్నాను. పట్టుకున్నారు.

ఇట్లు,
పని మీదున్న
మొసలి మేడం

తా.క. తరగతిలో ఇంకొక్క ఖాళీ ఉంది. మీరు కూడా చేరొచ్చు. వచ్చేటప్పుడు మీ అమ్మగారిని తీసుకురండి, మీ గురించి అడగాల్సినవన్నీ ఆవిడని అడుగుతాను.