నువ్వు బిగించిన చక్రాలు

కోయంబత్తూరు,
ఆదివారం.

నాయనకు,

గిరి చేతులెత్తి నమస్కరించి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, అమ్మ ఎలా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? అత్త చేతికి వేసిన కట్టు విప్పారా? పొద్దున్నే చిత్తూరు బస్సుకు పరుగెత్తే హడావిడిలో నువ్వు బీపీ మాత్ర మరిచిపోతుంటావు. చొక్కా జేబులోనే పెట్టుకో. నా గురించి మాత్రం దిగులు వద్దు. వేళకు తింటున్నాను, పడుకుంటున్నాను.

చేతిలో ఫోనుండగా వీడికి ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోనులో మన మాటలు నీకు తెలిసినవే కదా. "తిన్నావా?" అని నువ్వంటావు. "తిన్నాను నాయనా, నువ్వు?" అని నేనంటాను. "ఆఁ" అని ఫోను అత్తకిస్తావు. పదకొండు నెలలుగా అంతకు మించి మాట్లాడుకోలేదు మనం. నేను చెప్పాల్సింది పెద్దది. మధ్యలో నీ గొంతు వింటే ఆగిపోతాను. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ మన దగ్గరంత ఎండ లేదు. మధ్యాహ్నం దాటితే పడమటి కొండల వైపు నుంచి గాలి మొదలవుతుంది, ఒక్కోరోజు సన్నగా తుంపర పడుతుంది. గదిలో నలుగురం. అన్నం ఉప్పుడు బియ్యంతో వండుతారు, గింజ లావు. సాంబారులో కొంచెం తీపి తగులుతుంది. సంగటి ఎక్కడా దొరకదు. మొదటి నెల సగం తిని ఆకలితోనే లేచేవాడిని, ఇప్పుడు అలవాటైంది. భాషకు ఇబ్బంది లేదు. పాకాలలో పెరిగినవాడికి అరవం ఏం కొత్త? ఆదివారాలే కష్టం. మిగిలిన ముగ్గురూ సినిమాకో ఊరికో పోతారు. నేను బట్టలు ఉతుక్కుని, ఆరేసి, అవి ఆరేదాకా వాటినే చూస్తూ కూర్చుంటాను. బాగానే ఉన్నానులే, ఊరికే చెప్పాను.

పని గురించి నీకొక అబద్ధం చెప్పాను నాయనా. బస్సు బాడీలు కట్టే చోట చేరానన్నాను. కాదు. నేను పనిచేసేది చిన్న కార్లను పందేలకు తయారుచేసే షెడ్డులో. మన ఎర్ర బండి లాంటివే వస్తాయి. ఇంజన్ బలం పెంచడం, స్ప్రింగులు మార్చడం, బ్రేకులు పెద్దవి వేయడం. అన్నకు అలా జరిగాక కూడా మళ్లీ అదే పనికి పోయాడా అని నీకు కోపం రావచ్చు. ఆ రోజు అసలు ఏం జరిగిందో పూర్తిగా తెలుసుకోకుండా నేను బతకలేననిపించింది. అందుకే వచ్చాను.

ఎర్ర బండిని అన్న బెంగళూరు నుంచి తెచ్చిన రోజు నీకు గుర్తుందా? మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఐదేళ్లు పనిచేసి కొనుక్కున్నాడు. చూడ్డానికి చిన్నది, ఇంజన్ మాత్రం టర్బోది. నువ్వు డ్యూటీ నుంచి వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, "యాడ పట్టుకొచ్చినావురా దీన్ని? మిరపకాయంత ఉండాది" అన్నావు. అన్న నవ్వి, "మిరపకాయే నాయనా. ఇంగా కారం ఎక్కిస్తాం సూడు" అన్నాడు.

ఆ వేసవి అంతా పెరట్లో నీలం టార్పాలిన్ పట్ట కిందే గడిచింది. నేను వీడియోలు చూసి చెప్పేవాడిని, అన్న చేసేవాడు. సైలెన్సర్ మార్చాం, గాలి ఫిల్టర్ మార్చాం. ల్యాప్‌టాప్ తగిలించి ఇంజన్ కంప్యూటర్ లెక్కలు మార్చిన రోజు బండి స్టార్ట్ చేస్తే, ఎదురింటి అరుగు మీద నిద్రపోతున్న కుక్క లేచి పరుగెత్తింది. అమ్మ వంటింటి స్టీలు పళ్లేలు ఒక్కొక్కటే మాయమయ్యాయి, ఒక్కోదాంట్లో ఒక్కో చోటి బోల్టులు. "నా కొడుకులు ఇనప ముక్కలు తినేటట్టుండారు, సంగటి ఎందుకు కెలకాల నేను?" అని తిడుతూనే పెరట్లోకి మజ్జిగ తెచ్చేది.

నువ్వు వారం రోజులు మా వైపు రాలేదు. ఎనిమిదో రోజు వచ్చి బండి కింద దూరి, బయటికి వచ్చి అన్నావు: "ఎర్రోళ్లారా, పరిగెత్తించేది మాత్రం పెంచినారు. ఆపేది ఎవురు పెంచాల, మీ తాతా?" మరుసటి రోజు నుంచి ముందు బ్రేకుల పని నీదే. పెద్ద డిస్కులు తెప్పించావు. కొత్త గొట్టాలు వేశావు. బ్రేకుల్లో గాలి పోయేదాకా అన్న చేత పెడల్ తొక్కించావు. బస్సుల కింద ముప్పై ఏళ్లు పడుకున్న మనిషివి, ఆ చిన్న కారు కింద పడుకుని ఈల వేయడం విన్నాను. మన ముగ్గురం ఒకే పని మీద అన్ని రోజులు కూర్చోవడం అదే మొదలు.

ఆ రోజు సంగతికి వస్తాను. పొద్దున నువ్వు డ్యూటీకి పోయే ముందు నాలుగు చక్రాలూ నీ చేత్తో బిగించావు. టార్క్ రెంచి పెట్టి, బిగువు సరిపోయి టక్కుమనేదాకా తిప్పి, ఒక్కో బోల్టు మీద సుద్దముక్కతో గీత గీశావు. "సాయంత్రం నేనొచ్చినాక దామలచెరువు దాకా పోయొస్తాం, అంతదాకా ముట్టుకోబాకండి" అని చెప్పి బస్సెక్కావు.

మధ్యాహ్నం నాకొక పార్శిల్ వచ్చింది. నీకు తెలియకుండా తెప్పించినవి. స్పేసర్లు అంటారు. మీ బస్సుల్లో ఇవి ఉండవు. ఇరుసు కొసనుండే హబ్బుకూ చక్రానికీ మధ్య పెట్టే అల్యూమినియం బిళ్లలు. అవి పెడితే చక్రం బయటికి జరిగి బండి వెడల్పుగా, కోపంగా కనబడుతుంది. అందానికే తప్ప ఇంకెందుకూ కాదు. అన్నకు చూపించాను. "బాగుండాయి కానీ, నాయన రానీ. అడిగి పెడతాం" అన్నాడు. ఫ్యాక్టరీ నుంచి ఎవరో రమ్మన్నారని స్నానానికి పోయాడు. తిరిగొచ్చేసరికి పెట్టేసి చూపిద్దామని నాకు ఆత్రం. ముందు చక్రాలు రెండూ విప్పాను. నువ్వు గీసిన సుద్ద గీతలు నా చేతులకే అంటుకున్నాయి. బిళ్లలు పెట్టి, అవే బోల్టులు మళ్లీ వేశాను. తొందరగా బిగిసిపోయాయి. ఎంత తొందరగా అయిపోయిందో అని సంతోషపడ్డాను కూడా.

అన్న వచ్చి చూశాడు. "పెట్టేసినావా? గట్టిగా బిగించినావు కదరా?" అన్నాడు.

"బిగించినా" అన్నాను.

"సరే, ఫ్యాక్టరీ దాకా పోయి అరగంటలో వస్తా. నాయనకు నేను చెప్తాలే, నిన్ను తిట్టకుండా" అన్నాడు. అన్న నాతో అన్న చివరి మాట అదే నాయనా.

చింతచెట్ల మలుపు దగ్గర ముందు ఎడమ చక్రం ఊడిపోయింది. మిగిలింది నీకు తెలుసు.

నేను నీకంటే ముందు అక్కడికి చేరాను. రోడ్డు పక్క గడ్డిలో ఆ బిళ్ల పడి ఉంది. తీసి జేబులో వేసుకున్నాను. రెండోది కుడి చక్రం వెనకే ఉండిపోయింది, ఎవరూ విప్పి చూడలేదు. నువ్వు ఆ బండి ముఖం మళ్లీ చూడలేదు. పాత ఇనుము వాళ్లకు అప్పగించింది నేనే. ఆసుపత్రి వరండాలో పోలీసాయన "చక్రాలు ఎవరు బిగించినారు?" అని అడిగినప్పుడు, నువ్వు తలెత్తకుండా "నేనే సార్. పొద్దున నా చేత్తోనే బిగించినాను. యాడో తప్పు పోయినాను" అన్నావు. నేను నీ వెనకే నిలబడి ఉన్నాను. జేబులో ఆ బిళ్ల ఉంది. నోరు తెరవలేదు. అమ్మ గోడకు ఆనుకుని నీ వైపు చూసిన చూపు నేను చూశాను. అప్పుడూ నోరు తెరవలేదు.

తర్వాత ఏం జరిగిందో అత్త చెబుతూనే ఉంది. అమ్మ నీకు పళ్లెం పెట్టి, మాట్లాడకుండా లోపలికి పోతుందట. నువ్వు డిపోలో చక్రాల పని వదిలేసి, స్టోరు గదిలో కూర్చుంటున్నావట. చేతులు వణుకుతున్నాయని అడిగి మార్పించుకున్నావట. "ముప్పై ఏండ్లు వేలమందిని మోసిన బండ్లకు బిగించినాడు. కన్నకొడుకు బండికి బిగించలేకపోయినాడంట. అదే అనుకుంటా ఉంటాడు గిరీ" అని అత్త ఏడ్చింది. ఆ రోజు నేను ఫోను పెట్టేసి, షెడ్డు వెనక్కి పోయి కూర్చున్నాను. అయినా చెప్పలేదు. బిగించానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నేనూ గట్టిగానే బిగించాను కదా, ఇంకేదో విరిగి ఉంటుంది, ఎవరి తప్పూ కాదేమో అని.

పోయిన వారం ఆ దారి కూడా మూసుకుపోయింది. ఇక్కడ మా మేస్త్రి రంగసామి పెద్దాయన. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, ఎన్ని తరాల కిందటి తెలుగో. ఒక చిన్న కారుకు స్పేసర్లు పెట్టి చక్రం బిగించమని నాకు చెప్పాడు. ఎలాగో పెట్టి, దగ్గరున్న బోల్టు వేసి తిప్పాను. బిగిసింది. రెంచి టక్కుమంది.

"అయిందా?" అన్నాడు.

"అయింది మేస్త్రీ, గట్టిగా ఉంది."

"గట్టిగా ఉండేది కాదు తంబీ నేను అడిగేది. ఎన్ని సుట్లు దిగింది?"

నేను లెక్కపెట్టలేదన్నాను. విప్పి మళ్లీ వేయించాడు. వేళ్లతో తిప్పుతూ పైకి లెక్కపెట్టమన్నాడు. ఒకటి, రెండు, మూడు. మూడుకే ఆగిపోయింది. ఆయన పెట్టెలోంచి పొడుగు బోల్టు తీసి ఇచ్చాడు. ఏడు చుట్లు దిగింది. "బిళ్ల ఎంత మందమో బోల్టు అంత పొడుగు పెరగాల. లేకుంటే మరలు నాలుగు కూడా పట్టవు. రెంచి టక్కంటాది, మనం బిగిసిందనుకుంటాం. రెండు మలుపుల్లో చక్రం నీ ముందరే పోతా ఉంటాది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నా వేళ్లలోకి తిరిగి వచ్చింది నాయనా. తొందరగా అయిపోయిందని సంతోషపడ్డానే, ఆ తొందర ఇదే. మేస్త్రికి అంతా చెప్పాను. "మీ నాయన బతికుండాడా?" అని అడిగాడు. ఉన్నాడన్నాను. "అయితే నాకెందుకు చెప్తావు?" అన్నాడు.

నువ్వు బిగించిన చక్రం ఊడలేదు నాయనా. నువ్వు బిగించిన దాన్ని నేను విప్పాను. నేను పెట్టిన చక్రం ఊడింది. వెనక చక్రాలు నేను ముట్టుకోలేదు. బండి నుజ్జయినా ఆ రెండూ ఉన్నచోటే ఉన్నాయి. నీ సుద్ద గీతలు వాటి మీద అలాగే ఉన్నాయి, నేను చూశాను.

క్షమించమని అడగడం లేదు. అడిగే మొహం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. స్టోరు గదిలోంచి బయటికి రా. నీ చేతులకు ఏ తప్పూ లేదు. వణికితే వణకనీ, మళ్లీ రెంచి పట్టుకో. పోలీసులకు కూడా ఈ మాట చెప్పాలంటే వచ్చి చెబుతాను, రాసి ఇస్తాను.

వచ్చే నెల అన్న సంవత్సరీకం. పిండం పెట్టాల్సిన వాడిని నేనే. ఈ చేతులతో పెట్టవచ్చా అని అమ్మను అడుగు. రావద్దంటే ఇక్కడే ఏటిగట్టున కూర్చుంటాను. రమ్మంటే మేస్త్రి నాలుగు రోజులు సెలవిస్తానన్నాడు, కాట్పాడిలో రైలు మారి వచ్చేస్తాను.

అత్తకు నా నమస్కారాలు చెప్పు. ఎదురింటి వాళ్లనూ అడిగానని చెప్పు. నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. ఉత్తరం చివర్లో దీవెనలు అడగాలంటారు. నేను అడగను. తిట్టడానికైనా సరే, ఫోను నువ్వే చెయ్యి, అత్తకివ్వకుండా.

ఇంకొక్క మాట. ఇది చదివి నువ్వేం చేస్తావో నాకు తెలుసు. మడిచి జేబులో పెట్టుకుంటావు. అమ్మ అడిగితే "పిల్లోడు బాగుండాడంట" అని చెబుతావు. డిపోకు పోయే దారిలో చించి పారేస్తావు. ఉన్న ఒక్క కొడుకూ ఆమెకు మిగలాలని, ఆమె మాట్లాడకుండా పెట్టే ఆ అన్నం నువ్వే జీవితాంతం తింటావు. అందుకే ఇదంతా కూర్చుని రెండోసారి రాశాను. ఆ ఉత్తరం అమ్మ పేరుతో వేరే కవరులో పెట్టాను. రెండూ ఒకేసారి పోస్టు డబ్బాలో వేస్తున్నాను.

నీ కొడుకు,
గిరి