బావగారి రాజ్యం, రెండో భాగం

జూలై 6, ఆదివారం

రాజ్యాల ఆట రెండో భాగం వెలువడింది. పాత కంప్యూటరు దానిని మోయజాలదని బ్రాడీపేట దుకాణదారు ధ్రువీకరించినందున, శుక్రవారమే పాతదానిని ఎక్స్ఛేంజిలో ఇచ్చి కొత్తది తెచ్చుకోవడమైనది. సంతకం నాదే.

మొదటి భాగం పదకొండేళ్ళు ఆడాం, బావగారూ నేనూ. ఒకే యంత్రం, ఒకే కుర్చీ. ఆయనది అద్దంకి, నాది కొండవీడు. ఆయన వంతు వేస్తున్నప్పుడు నేను వరండాలో, నేను వేస్తున్నప్పుడు ఆయన వరండాలో. తెర చూడరాదు. అదొక్కటే నిబంధన.

ప్రత్తిపాడు నుంచి తొమ్మిదింటి బస్సుకు వచ్చారు. కొత్త పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, "ఏవోయ్ సూపరింటెండెంటూ, నీకు రాని ప్రమోషన్ దీనికొచ్చిందే" అన్నారు.

అరగంట వెతికాం. ఇద్దరు ఒకే యంత్రం మీద వంతులు వేసుకునే సదుపాయాన్ని రెండో భాగంలో తొలగించారు. ఎవరి యంత్రం వారిది. ఎవరి ఇల్లు వారిది.

బావగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అయితే నేనింక రానక్కర్లేదన్నమాట."

భోంచేసి, ఎప్పుడూ వెళ్ళే బస్సు కన్నా రెండు బస్సులు ముందే వెళ్ళిపోయారు.

జూలై 7

పాత ఆట సీడీ బీరువాలో భద్రంగా ఉంది. కొత్త యంత్రానికి సీడీ పెట్టే నోరు లేదు. ఆఫీసు నుంచి అటే దుకాణానికి వెళ్ళాను — పాత పెట్టె వెనక్కి ఇస్తారేమోనని.

"వచ్చిన రోజే విప్పేశాం సార్. పార్టులు పార్టులుగా పోయింది. ఏం, అందులో ఫోటోలున్నాయా?"

లేవన్నాను. నిజమే. ఫోటోలు లేవు.

జూలై 9

రెండో భాగంపై పరిశీలన నివేదిక.

ఒకటి: కొండవీటి రాజు ఇప్పుడు స్వయంగా ఏమీ చేయలేడు. బావి తవ్వించాలన్నా అమాత్య మండలి ఆమోదం కావాలి. మండలికి కోరం లేదు. ముగ్గురిలో ఒకరు అలిగి ఉన్నారు, ఒకరు తీర్థయాత్రలో ఉన్నారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా జీతం తీసుకుని చేస్తున్న పనినే ఇప్పుడు డబ్బిచ్చి చేస్తున్నానని గమనించడమైనది.

రెండు: కొండవీటి కోట నుంచి బయలుదేరిన నా సేన నరసరావుపేట పరిసరాల్లో మంచు తుఫానులో చిక్కుకుంది. రెండు వందల గుర్రాలు చలికి చనిపోయాయి. ఈ ఆట తయారు చేసినవారు మే నెలలో ఒక్కసారి నరసరావుపేట బస్టాండులో నిలబడవలసిందిగా సిఫారసు.

ఫిర్యాదు పంపాను. అందినట్లు జవాబు వచ్చింది. అందింది, అంతే.

జూలై 11

అక్కకు ఈ ఆట గురించి తెలిసింది ఒకటే — ఎప్పుడూ ఎవరో ఒకరు వరండాలో ఖాళీగా కూర్చుని ఉంటారని. బావగారితోపాటు ప్రతి ఆదివారం వచ్చేది. వేరుశనగలు వేయించి తెచ్చి పక్కన కూలబడేది. గొంతు తగ్గించి, "మీ బావగారు వినుకొండ మీదికి వస్తున్నార్రా, ఇందాకే నాతో అన్నారు."

నేను సైన్యమంతా వినుకొండకు తరలించేవాణ్ణి. ఆయన వెళ్ళి మోటుపల్లి రేవు పట్టుకునేవారు. నా వంతులో ఆయనకూ ఇటువంటిదే ఏదో చెప్పేదని చాలా ఏళ్ళకు తెలిసింది. తెర వైపు ఒక్కసారి కూడా చూసి ఎరుగదు. ఉభయ రాజ్యాల వేగు శాఖ మొత్తం అక్కే. రెండు వైపులా అబద్ధాలే.

నిరుడు మాఘమాసంలో పోయింది. ఆ తర్వాత ఆదివారాలు యథాతథంగా జరిగాయి. బావగారూ నేనూ మాట్లాడుకున్నది — "నీ వంతు." "మీ వంతు." అది చాలింది. అది చాలుతోందని నేను గ్రహించి ఉండవలసింది, కొత్తది కొనేముందు.

జూలై 13, ఆదివారం

బావగారు తన లాప్‌టాప్‌లో ఆటను తానే ఎక్కించుకున్నారు. రిటైరైన లెక్కల మాస్టారు, పట్టుకుంటే వదలరు. తొమ్మిదికి మొదలుపెట్టాం. ఆయన అక్కడ, నేను ఇక్కడ. తెర మూలలో చిన్న పెట్టెలో ఆయన అక్షరాలు:

నీ వంతు.

ఆయన వంతు వచ్చినప్పుడు లేచి వరండాలోకి వెళ్ళాను. వెళ్ళనక్కర్లేదు. వెళ్ళాను.

మా ఆవిడ: "అక్కడ ఆయనొక్కరు, ఇక్కడ మీరొక్కరు. మళ్ళీ దీనికి రెండు కంప్యూటర్లు."

గృహశాఖ వ్యాఖ్య నమోదు చేసుకోవడమైనది.

జూలై 16

నరసరావుపేటలో మంచు కరిగింది.

జూలై 20, ఆదివారం

అద్దంకి బాగా ఆడుతోంది. అదే నా అనుమానం.

బావగారు ఒక్కొక్క ఎత్తుకు ఇరవై నిమిషాలు తీసుకుంటారు, రెండు టీలు తాగుతారు, చివరికి తప్పు ఎత్తు వేస్తారు. ఇప్పుడు మూడు సెకన్లలో జవాబు. ప్రతి ఎత్తూ సక్రమం. ధాన్యం నిల్వ, కోట మరమ్మతు, సరిహద్దున కాపలా. మోటుపల్లి రేవు వైపు కన్నెత్తి చూడటం లేదు.

ఆయన పేరు పక్కన సన్నని అక్షరాలు ఇవాళ చూశాను. ఆటగాడు అందుబాటులో లేనందున రాజ్యాన్ని యంత్రం పాలిస్తున్నదట.

యంత్రంతో నాలుగు గంటలు ఆడాను.

జూలై 23

ఫోను చేయడానికి తగిన కారణం లభించలేదు.

జూలై 27, ఆదివారం

అద్దంకి నుంచి వర్తమానం. ఇంగ్లీషులో వచ్చిన దానికి నా తర్జుమా:

"ఉభయ రాజ్యముల మధ్య శాశ్వత మైత్రిని కోరి, తమ సోదరిని మా ప్రభువునకిచ్చి వివాహము జరిపించవలసినదిగా ప్రార్థన."

పక్కన సోదరి బొమ్మ. ఎవరో అమ్మాయి, అందరికీ వేసే ముఖమే. వయస్సు పందొమ్మిది. ఆరోగ్యం — బాగున్నది.

కింద రెండు మీటలు. సమ్మతి. తిరస్కృతి. పరిశీలనలో ఉన్నది అనే మూడో మీట లేదు. అది లేని ఫైలు నా సర్వీసులో చూడలేదు.

యంత్రం అలాగే వదిలి, అన్నానికి లేచాను. మా ఆవిడ "ఏమైంది?" అంది. పప్పు వడ్డించమన్నాను.

జూలై 28

ఫోను చేశాను.

"ఆ, చెప్పవోయ్."

"బావగారూ, నిన్న అది పంపింది మీరేనా?"

"నేనేం పంపాను? పదిహేను రోజులైంది ఆ పెట్టె తెరిచి. ఒక్కణ్ణీ కూర్చుని ఏం ఆడతాం..." ఆగారు. "ఏం పంపిందేంటి?"

"సంధి."

"ఒప్పుకోకు. పదకొండేళ్ళలో నేనెప్పుడైనా సంధికొచ్చానా?"

"రాలేదు."

"మరి!"

తర్వాత ఇద్దరమూ ఫోను పట్టుకుని ఉన్నాం. ఆయన వైపు కుక్కరు రెండుసార్లు కూసింది. ఆదివారం రండి అనడానికి అది సరైన సమయమని ఇప్పుడు తోస్తోంది. మూడో కూతకు ఆయన పెట్టేశారు.

ఆగస్టు 3, ఆదివారం

మా ఆవిడ: "ఏమని వెళ్తున్నారు?"

"తనిఖీకి."

"తనిఖీకి ఒట్టి చేతుల్తో వెళ్తారా ఎవరైనా?" దొండకాయ వేపుడు డబ్బా చేతిలో పెట్టింది.

తొమ్మిదింటి బస్సు, ఈసారి ఎదురు దిక్కుకు. పత్తి చేలు ఇంకా మోకాలెత్తు రాలేదు. ప్రత్తిపాడులో దిగి నడిచాను. బావగారు తలుపు తీసి కాసేపు గడపలోనే నిలబడ్డారు.

"ఏం, నెట్ పోయిందా?"

"పోయింది" అన్నాను. పోలేదు.

లాప్‌టాప్ మీద తువ్వాలు కప్పి ఉంది. కూర్చున్నాం. డబ్బా మూత తీసి ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. ఉప్పు తక్కువైందన్నారు. తర్వాత కిటికీ వైపు చూస్తూ, "ఇంతకీ ఏమిటా సంధి?"

"పెళ్ళి సంబంధం. మీ అద్దంకివాళ్ళు అడిగారు."

"ఎవర్ని?"

"మా రాజు తోబుట్టువుని. అక్కో చెల్లెలో రాయలేదు." కాస్త ఆగి, "అక్కనే అడిగారు" అన్నాను.

బావగారు లేచి వంటింట్లోకి వెళ్ళారు. స్టవ్ వెలిగించిన చప్పుడు. గిన్నె చప్పుడు.

"అప్పుడు మీ నాన్నగారు మూణ్ణెల్లు తిప్పించారోయ్" అన్నారు లోపలి నుంచి. "అవుననరు, కాదనరు. నువ్వేమన్నావు?"

"ఇంకా ఏమీ అనలేదు."

"ఊఁ."

"ఏమనమంటారు?"

రెండు గ్లాసులతో బయటికి వచ్చారు. ఒకటి నా ముందు పెట్టారు. నా వైపు చూడలేదు.

"నన్నడుగుతావేంటి? ఆడపిల్లవాళ్ళు మీరు."

టీ తాగి, నాలుగింటి బస్సుకు వచ్చేశాను. వర్తమానం ఇంకా తెర మీదే ఉంది.