తగ్గించి రాసిన అంకె

14 జూన్ 2004, మందస

కోపం మా ఇంజనీరు మీద ఎక్కువో, నా మీద ఎక్కువో తెలియడం లేదు.

ముడి చమురును నీళ్లతో కడిగి, కరెంటుతో ఆ ఉప్పునీళ్లను విడదీయడమే రిఫైనరీలో నా పని. ఉప్పు మిగిలితే పైపులను తినేస్తుంది. నెలల తరబడి మిగులుతూనే ఉంది. బాగుచేయాలంటే యూనిట్ ఆపాలి.

"ఆపడం కుదరదు. రిజిస్టరులో ఉప్పు అంకె తగ్గించి రాయవయ్యా," అన్నాడు ఇంజనీరు.

రాశాను.

పోయిన వారం పైపు పగిలి, అక్కడే ఫిట్టరుగా చేస్తున్న బావ చేతులు కాలిపోయాయి. తప్పంతా బావదేనని ఆ ఇంజనీరు రిపోర్టు రాశాడు, దుర్మార్గుడు!

ఇవాళ బావను చూడ్డానికి బారువలో వాళ్లింటికి వెళ్లాను. నా తోడబుట్టిన అప్ప టీ ఇచ్చింది. బావ కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని, "రోజూ ఉప్పు సూసేది నువ్వే కదరా. అంతా బాగుంటే పైపెందుకు పగిలిపోనాది?" అన్నాడు.

అబద్ధం నోటికి రాలేదు. అంతా చెప్పేశాను.

బావ గోడవైపు తిరిగిపోయాడు. అప్ప నా చేతిలోంచి టీ గ్లాసు లాక్కుంది.

"మాకు సెప్పి ఏటి లాభం? లెగు. ఆ ఆఫీసులో సెప్పు."

పొద్దున్నే పలాసలో బండి ఎక్కి రిఫైనరీకి వెళ్తాను. ఉద్యోగం పోతే పోనీ. ఆ ఇంజనీరు ఎదురుగానే చెప్తాను. ముందు నా పేరే చెప్తాను.